ఇన్‌ఫ్రారెడ్ కలర్ ఫిల్మ్ ఒక్క రోలే ఉంది, పాడు చేసుకోకుండా ఎలా?

అందరికీ నమస్కారం. మాది నెల్లూరు. మా మామ ఇంట్లో డీప్ ఫ్రీజర్‌లో, కొబ్బరి కోరు డబ్బా వెనక, ఒక కొడాక్ ఎక్టాక్రోమ్ ఇ.ఐ.ఆర్. రోలు దొరికింది, కంటికి కనబడని ఇన్‌ఫ్రారెడ్ కాంతిని కూడా పట్టే కలర్ స్లైడ్ ఫిల్మ్. 35 ఎంఎం, 36 ఫోటోలది. ఈ ఫిల్మ్ తయారీ ఆగిపోయి ఏళ్లయింది, కాబట్టి రెండో ఛాన్స్ లేదు.

కోవూరు వైపు నాట్లు వేసి నెలన్నర. పైరు పచ్చగా ఊగుతోంది. ఆకుల నుంచి వచ్చే ఇన్‌ఫ్రారెడ్ వల్ల ఆ పచ్చదనమంతా ఈ ఫిల్మ్ మీద ఎర్రగా పడుతుందంటే నాకు నిద్ర పట్టడం లేదు! పసుపు ఫిల్టర్ కొన్నాను, నీలి కాంతిని ఆపడానికి. కెమెరా పాత మెకానికల్‌దే, ఇలాంటి ఫిల్మ్‌ని పాడుచేసే ఇన్‌ఫ్రారెడ్ సెన్సర్ లోపల లేదు.

అసలు టెన్షన్ ఏంటంటే, రోలు మూతి దగ్గరి వెల్వెట్ ఇన్‌ఫ్రారెడ్‌ని ఆపదు, కటిక చీకట్లోనే లోడ్ చేయాలి. మామూలు ఛేంజింగ్ బ్యాగ్ (చేతులు దూర్చి ఫిల్మ్ మార్చుకునే నల్ల సంచి) సరిపోతుందా, లేక రాత్రి కరెంట్ తీసేసి బాత్‌రూమ్‌లో కూర్చోవాలా? మామూలుగా దీనికి 200 స్పీడ్ (ఐఎస్ఓ) పెడతారు. ఇంత పాతదానికి ఎంత ఎక్కువ వెలుగివ్వాలి?

కడగడం ఇ-6లో (స్లైడ్ ఫిల్మ్ కడిగే రసాయన పద్ధతి) ఇంట్లోనే. పోయినసారి ఒక ల్యాబ్‌కి మామూలు స్లైడ్ రోలు ఇస్తే గీతలతో తిరిగొచ్చింది. ఇ-6లో మొదటి రసాయనం, అంటే మొదటి డెవలపర్, మామూలుగా 38 డిగ్రీల్లో 6 నిమిషాలు, దీనికీ అంతేనా? చేసినవాళ్లెవరైనా చెప్పండి. పైరు పండకముందే తీయాలి.