సెగగడ్డకు దూరంగా ఉన్న చర్మం కూడా ఎందుకు నొప్పి పెడుతుంది?

ప్రశ్న (అంబర్‌పేట నుంచి)
మెడ వెనుక సెగగడ్డ లేచింది. మామిడిపండ్ల వల్ల వేడి చేసిందని ఇంట్లో తేల్చేశారు కనుక కారణం అడగను. మేడమీది ట్యాంకు నీళ్లు చేతికి గోరువెచ్చగానే ఉన్నా, గడ్డమీద పడితే కాగిన నీళ్లు పోసినట్టు మండుతోంది. రెండు వేళ్ల దూరంలో, ఎరుపు గానీ వాపు గానీ లేని చోట, చొక్కా కాలరు రాసుకున్నా ఓర్చుకోలేకపోతున్నాను. ఎందుకని?

జవాబు (ఫిజియాలజీ అధ్యాపకురాలు)
ఇవి రెండు వేర్వేరు సంగతులండీ.

నీళ్ల మంట చర్మంలోనే పుడుతుంది. నొప్పిని మోసే నాడుల కొసల్లో టీఆర్‌పీవీ1 అనే గ్రాహకం, అంటే వేడి తగిలితే తెరుచుకుని నాడిని రేపే వాకిలి లాంటి ప్రోటీన్, ఉంటుంది. మిరపకారానికి స్పందించేదీ ఇదే. 1997లో దీన్ని గుర్తించిన డేవిడ్ జూలియస్ 2021లో నోబెల్ బహుమతిని పంచుకున్నారు. మామూలుగా ఇది సుమారు 43 డిగ్రీల సెల్సియస్ దాటితేనే తెరుచుకుంటుంది. బాక్టీరియాను ఎదుర్కోవడానికి గడ్డలో చేరిన రక్షణ కణాలు, దెబ్బతిన్న చర్మకణాలు ప్రోస్టాగ్లాండిన్ ఇ2, ఇంటర్‌ల్యూకిన్-1 బీటా, నాడీ వృద్ధి కారకం వంటి రసాయనాలు వదిలినప్పుడు ఆ హద్దు ఎంత కిందికి జారుతుందంటే, గోరువెచ్చని నీళ్లే కాదు, ఒంటి వేడి కూడా దాన్ని తెరవగలదు. నాడి కూడా ఊరుకోదు. అది వదిలే సబ్‌స్టాన్స్ పి, సీజీఆర్‌పీ అనే రసాయనాలు రక్తనాళాలను వెడల్పు చేసి, చర్మంలోని మాస్ట్ కణాలనే రక్షణ కణాల చేత హిస్టమిన్ అనే మరో రసాయనం విడుదల చేయించి, వాపును పెంచుతాయి.

కాలరు బాధకు మూలం వెన్నుపాములో ఉంది. గడ్డ నుంచి సంకేతాలు ఎడతెగకుండా వస్తుంటే అక్కడి నాడీకణాలు అతిగా స్పందించడం మొదలుపెట్టి, చుట్టుపక్కల నుంచి వచ్చే మామూలు స్పర్శను కూడా నొప్పిగానే పైకి పంపుతాయి. గాయం తర్వాతి నొప్పిలో వెన్నుపాముకు ఇలాంటి పాత్ర ఉందని క్లిఫర్డ్ వుల్ఫ్ అనే శాస్త్రవేత్త 1983లో ఎలుకల్లో చూపారు. ఆ దూరపు చోట చర్మంలోని గ్రాహకాల హద్దు మారలేదు కాబట్టి, అక్కడ గోరువెచ్చని నీళ్లు పోసి చూడండి, బహుశా మండదు.

మరో జవాబు
పై వివరణ బాగుంది గానీ, నేరమంతా రక్షణ కణాలపై మోపలేం. సెగగడ్డలకు సాధారణంగా కారణమయ్యే స్టాఫిలోకాకస్ ఆరియస్ తన విషపదార్థాలతో నొప్పి నాడులను నేరుగానే ప్రేరేపిస్తుందని 2013లో ఎలుకలపై జరిగిన పరిశోధన తేల్చింది. అంతేకాదు, ఆ నాడులను తొలగించిన ఎలుకల్లో రక్షణ కణాలు మరింత ఎక్కువగా చేరాయి. అంటే నాడులు వాటిని కొంత అదుపులో కూడా పెడుతున్నాయన్నమాట.

అడిగినవారు
అయితే ఐబూప్రోఫెన్ వేసుకుంటే సరిపోతుందా?

జవాబు (ఫిజియాలజీ అధ్యాపకురాలు)
అది ప్రోస్టాగ్లాండిన్ తయారీని ఆపుతుంది కాబట్టి నొప్పి తగ్గవచ్చు. బాక్టీరియాను మాత్రం ఏమీ చేయదు. కడుపులో పుండ్లు, మూత్రపిండాల సమస్య ఉన్నవారు వైద్యుణ్ని అడగకుండా వాడకూడదు. గడ్డను నొక్కకండి. ఒకటికి మించిన రంధ్రాల నుంచి చీము కారితే అది రాచపుండు (కార్బంకుల్, అంటే కలిసిపోయిన సెగగడ్డల గుంపు; క్యాన్సర్ కాదు) కావచ్చు. అలా కారినా, జ్వరం వచ్చినా వెంటనే వైద్యుణ్ని కలిసి, షుగరు పరీక్ష కూడా చేయించుకోండి.