అప్‌డేట్: ప్రమాదం తర్వాత తమ్ముడి భయం గురించి అడిగాను కదా

బస్సు ప్రమాదం నుంచి బయటపడ్డ మా తమ్ముడు హారన్ వింటేనే వణుకుతున్నాడు, రాత్రుళ్లు అరుస్తూ లేస్తున్నాడు, ఏం చేయాలని అడిగాను. మీరు చెప్పిన టెలి మానస్ (మానసిక సమస్యలకి ప్రభుత్వ హెల్ప్‌లైన్) 14416కి ఫోన్ చేశాం. తెలుగులోనే మాట్లాడి, సైకియాట్రిస్టుకి చూపించమన్నారు. చూపిస్తే పీటీఎస్‌డీ అన్నారు, అంటే పెద్ద ప్రమాదం లాంటిది జరిగాక ఆ భయం మనసులో ఉండిపోయే సమస్య అట. లక్షణాలు నెల దాటినా తగ్గకపోతేనే ఆ పేరు పెడతారట. సెర్ట్రాలిన్ అని డిప్రెషన్‌కీ ఆందోళనకీ ఇచ్చే మందు రాశారు, పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుందన్నారు. నిద్రమాత్రలు అడిగితే వద్దన్నారు.

అసలు తేడా కౌన్సెలింగ్‌తోనే కనిపిస్తోంది. తప్పించుకు తిరిగే కొద్దీ భయం ముదురుతుందని, ముందు బస్టాండులో ఊరికే కూర్చోమన్నారు, తర్వాత ఆగి ఉన్న బస్సు ఎక్కమన్నారు. అమ్మ తాయెత్తు కూడా కట్టించింది, పోనీలెండి. కలలు ఇంకా వస్తున్నాయి, కానీ మళ్లీ నిద్రపోగలుగుతున్నాడు. కదిలే బస్సు మాత్రం ఇంకా ఎక్కలేదు. దసరాకి ఊరు రైల్లోనే వెళ్తాం.