భార్య గ్రీన్‌కార్డుకు పోషణ హామీ పత్రం: ఆదాయం చాలకపోతే తెనాలి ఆస్తులు చూపవచ్చునా?

ప్రశ్న (ఇర్వింగ్, టెక్సస్)

అందరికీ నమస్కారం. నేను అమెరికా పౌరుడిని. గత ఏడాది తెనాలిలో వివాహం చేసుకున్నాను. నా భార్యను రప్పించుకోవడానికి వేసిన ఐ-130 అనే బంధుత్వ అర్జీకి ఆమోదం లభించి, కేసు ఇప్పుడు నేషనల్ వీసా సెంటరులో ఉంది. హామీ పత్రం పరిశీలనకు 120 డాలర్లు, వీసా దరఖాస్తుకు 325 డాలర్లు కట్టాము. ఇక ఐ-864, అంటే పోషణ హామీ పత్రం నింపవలసి ఉంది. అక్కడే ఆగిపోయాను.

2023లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం పోయిన తరువాత, ఇళ్లకు క్యారియర్లు పంపే చిన్న వంటల వ్యాపారం మొదలుపెట్టాను. 2024లో మొత్తం రాబడి 71,000 డాలర్లు. వంటగది అద్దె, సరుకులు, వ్యాను, బీమా ఖర్చులన్నీ పోగా పన్ను రిటర్నులో నికరంగా తేలినది 24,600 డాలర్లు మాత్రమే. ఈ 2025లో తొలి తొమ్మిది నెలలకు 23,500 మిగిలింది కనుక ఏడాది చివరికి 31,000కు చేరుతుందని నా అంచనా. ఇద్దరున్న కుటుంబానికి 26,437 డాలర్లు ఉంటే చాలునని చదివి కొంత ధైర్యంగా ఉన్నాను. అయితే 2021లో మా అమ్మకు కూడా నేనే హామీ పత్రం మీద సంతకం చేసి గ్రీన్‌కార్డు తెప్పించాను. అమ్మ ఇప్పుడు ఆస్టిన్‌లో మా తమ్ముడి దగ్గర ఉంటోంది, పన్ను రిటర్నులో ఆమెను చూపుకునేది కూడా వాడే. అలాంటప్పుడు ఆమెను నా లెక్కలో కలపాలా?

తమ్ముడికి ఏటా 1,40,000 డాలర్ల జీతం వస్తుంది, కానీ వాడు హెచ్-1బీ అనే తాత్కాలిక ఉద్యోగ వీసా మీద ఉన్నాడు. తానే ఉమ్మడి హామీదారుగా సంతకం చేస్తానంటున్నాడు. నా భార్యకు హైదరాబాదులో ఏడాదికి 11 లక్షల జీతం ఉంది. ఆమె పేరున 14 లక్షల ఫిక్స్‌డ్ డిపాజిట్, 4.5 లక్షల మ్యూచువల్ ఫండ్లు, పెళ్లికి పసుపుకుంకుమల కింద మా మామగారు ఇచ్చిన ఎకరం పొలం, కొంత బంగారం ఉన్నాయి. నా పొదుపు 6,000 డాలర్లు. వీటిలో ఏవి పనికివస్తాయి? న్యూజెర్సీలో మా మేనమామ పౌరుడే, స్థితిమంతుడే. కానీ పెళ్లయిన ఏడాదికే వెళ్లి నా భార్యను పోషిస్తానని సంతకం చేయండని ఆయనను అడగడానికి నాకు మనసొప్పడం లేదు.

మొదటి సమాధానం (ప్లేనో, టెక్సస్)

ముందుగా అమ్మగారి సంగతి. ఆమె ఎవరి ఇంట్లో ఉంటున్నారు, ఎవరి పన్ను రిటర్నులో ఉన్నారు అన్నది ఇక్కడ ప్రశ్న కాదు. మీరు ఆమె కోసం చేసిన ఐ-864 ఇంకా అమలులో ఉంది కనుక ఆమెను మీ కుటుంబ సంఖ్యలో కలపవలసిందే. మీరు, మీ భార్య, అమ్మగారు కలిసి ముగ్గురు. 2025 పట్టిక ప్రకారం అలాస్కా, హవాయి మినహా మిగతా రాష్ట్రాలలో ముగ్గురి కుటుంబానికి పేదరిక ప్రమాణం 26,650 డాలర్లు, అందులో 125 శాతం 33,312 డాలర్లు. మీరు చేరవలసిన అంకె అది. ఈ పట్టికను ఏటా సవరిస్తారు కనుక సంతకం చేసే నాటికి అమలులో ఉన్న ఐ-864పీ పట్టికను ఒకసారి చూసుకోండి. అమ్మగారు పౌరసత్వం తీసుకున్న రోజున ఆ పాత హామీ తీరిపోతుంది. మీరు ఆమెను మీ రిటర్నులో చూపడం లేదు కనుక ఆనాటి నుంచి మీ కుటుంబ సంఖ్యలో ఒకరు తగ్గుతారు. 2021లో కార్డు వచ్చిందంటే ఐదేళ్లు నిండడానికి ఎంతో దూరం లేదు, కానీ దాని కోసం మీ భార్య కేసును ఆపమని నేను చెప్పను.

మీ తమ్ముడి సంతకం చెల్లదు. ఉమ్మడి హామీదారు అమెరికా పౌరుడైనా, గ్రీన్‌కార్డు ఉన్నవారైనా కావాలి. 18 ఏళ్లు నిండి, అమెరికాలో స్థిర నివాసం ఉండాలి. హెచ్-1బీ మీద ఎంత జీతం వస్తున్నా ఆ అర్హత రాదు. మన తెలుగువారిలో ఈ పొరపాటు నేను చాలాసార్లు చూశాను. స్నేహితుడి జీతం చూసి నిశ్చింతగా ఉండి, చివరి వారంలో మరొకరి కోసం పరుగెత్తుతారు.

మీ భార్య హైదరాబాదు జీతాన్ని కూడా మరచిపోండి. వీసా కోరుతున్న వ్యక్తి ఆదాయం లెక్కలోకి రావాలంటే గ్రీన్‌కార్డు వచ్చాక కూడా ఆ ఆదాయం అదే చోటు నుంచి చట్టబద్ధంగా కొనసాగాలి. హైదరాబాదు ఉద్యోగం వదిలి వచ్చేటప్పుడు అది కుదరదు.

ఇక మీ ఆదాయం. వ్యాపారం చేసేవారికి రాబడి కాదు, ఖర్చులు పోగా మిగిలినదే ఆదాయం. అధికారి మీ పన్ను రిటర్ను అయిన 1040 ఫారంలో మొత్తం ఆదాయపు గడిని చూస్తారు, అక్కడ 24,600 కనబడుతుంది. ఈ ఏడాది 31,000 వస్తుందని ప్రస్తుత ఆదాయపు గడిలో రాసి నెలవారీ లాభనష్టాల పట్టిక జతచేయవచ్చు, నిజమైతే రాయాలి కూడా. కానీ ఉద్యోగికి యజమాని ఇచ్చే లేఖకున్న బలం మన సొంత అంచనాకు ఉండదు. కనుక లోటును తక్కువ ఆదాయం మీదనే లెక్కవేసుకోవడం క్షేమం. పాత రిటర్నును సవరించి ఖర్చులు తగ్గించి చూపమని మీకు ఎవరైనా సలహా ఇస్తే వినకండి. నిజంగా పెట్టిన ఖర్చును పెట్టలేదని రాయడం తప్పు లెక్క అవుతుంది, దాని మీద మీరు ప్రమాణం చేసి సంతకం పెడుతున్నారు.

33,312 నుంచి 24,600 తీసివేస్తే లోటు 8,712 డాలర్లు. పౌరుడు భార్య కోసం హామీ ఇస్తున్నప్పుడు లోటుకు మూడు రెట్లు ఆస్తి చూపితే చాలు, అంటే 26,136 డాలర్లు. మీరు గ్రీన్‌కార్డు మీదనే ఉండి ఉంటే ఐదు రెట్లు, అంటే 43,560 చూపవలసి వచ్చేది. డాలరు 88 రూపాయలనుకుంటే మీకు కావలసినది సుమారు 23 లక్షలు. డిపాజిట్ 15,900 డాలర్లు, ఫండ్లు 5,100, మీ పొదుపు 6,000, అన్నీ కలిపి దాదాపు 27,000. అంకె దాటింది కానీ అంచు మీద ఉంది. రూపాయి కాస్త పడినా, ఫండ్ల విలువ కాస్త తగ్గినా లోటు మళ్లీ తెరుచుకుంటుంది.

రెండవ సమాధానం (షార్లెట్, నార్త్ కరోలినా)

నేను ఆస్తుల ఆధారంగానే వచ్చాను కనుక నా అనుభవం రాస్తున్నాను. మా వారు అప్పటికి చదువు ముగించుకుని సగం రోజుల ఉద్యోగంలో ఉన్నారు. నా పేరున ఉన్న డిపాజిట్లు చూపాము. వీసా తీసుకునే వ్యక్తి సొంత ఆస్తిని హామీదారు పత్రంలోనే చూపవచ్చు, అందుకు ఐ-864ఏ అనే వేరు ఒప్పందం అవసరం లేదు.

పొరపాటు మావైపే జరిగింది. ఆ డిపాజిట్లలో పెద్దది నా పేరు, మా నాన్నగారి పేరు కలిపి ఉన్న ఉమ్మడి ఖాతాలో ఉంది. ఇంటర్వ్యూలో 221జీ చీటీ, అంటే వీసా ఆపి మరిన్ని కాగితాలు కోరే చీటీ ఇచ్చి, అందులో నా వాటా ఎంతో తేల్చే కాగితం తెమ్మన్నారు. నాన్నగారు ఆ సొమ్మును పూర్తిగా నా ఖాతాకు మార్చి, బ్యాంకు నుంచి లేఖ తీసుకుని పంపేసరికి మూడు నెలలు గడిచాయి. ఆ మూడు నెలలూ అమ్మ నా పెట్టె సర్దనివ్వలేదు, సర్దితే అపశకునమని. దయచేసి మీ భార్య డిపాజిట్ ఎవరెవరి పేరున ఉందో ఈ రోజే రసీదు తీసి చూడమనండి. బ్యాంకు ఇచ్చే లేఖలో ఖాతా ఎప్పుడు తెరిచారు, గత పన్నెండు నెలలుగా నిల్వ ఎంత ఉంది అన్న రెండు సంగతులూ ఉండాలని అడగండి. ఇంటర్వ్యూకు నెల ముందు ఎవరో సర్దిన సొమ్ము వచ్చిపడితే అది కంటికి కొట్టినట్టు కనబడుతుంది.

పరదేశంలోని ఆస్తి చూపడానికి అభ్యంతరం లేదు, కానీ అది ఏడాదిలోగా నగదుగా మారాలి, ఆ సొమ్ము దేశం దాటి రాగలగాలి. భారతదేశంలో నివసించే వ్యక్తి ఒక ఆర్థిక సంవత్సరంలో 2,50,000 డాలర్ల వరకు బయటికి పంపుకోవడానికి రిజర్వు బ్యాంకు అనుమతిస్తుంది కనుక మీ మొత్తానికి ఆ ఇబ్బంది లేదు. మేము ఆ సంగతిని ఒక పేరాగా రాసి, చార్టర్డ్ అకౌంటెంటు ఇచ్చిన ఆస్తి ధ్రువపత్రంతో జతచేశాము. బంగారం విషయంలో నా అభిప్రాయం వేరు. ఆడపిల్ల ఒంటి మీది బంగారానికి రసీదులు ఏ ఇంట్లో ఉంటాయి? అమ్మమ్మ గాజులు కరిగించి చేయించిన హారానికి యాజమాన్య పత్రం ఎక్కడి నుంచి తేగలం? విలువ కట్టించగలరేమో గాని, దాని మీద కేసును నిలబెట్టవద్దు.

ప్రశ్న వేసినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. ఇప్పుడే ఫోను చేసి కనుక్కున్నాను. డిపాజిట్ ఆమె ఒక్కరి పేరునే ఉంది, నాలుగేళ్ల క్రితం వేసినది. పొలం మాత్రం మామగారు నోటి మాటగా ఇచ్చారు. కౌలు డబ్బు ఆమెకే ఇస్తున్నారు, కానీ రిజిస్ట్రేషను జరగలేదు. దానిని చూపవచ్చునా?

మూడవ సమాధానం (ఎడిసన్, న్యూజెర్సీ)

బాబూ, నోటి మాటగా ఇచ్చిన పొలం మనింట్లో చెల్లుతుంది, కాగితం మీద అది ఇప్పటికీ మీ మామగారిదే. ఆయన మనస్ఫూర్తిగా ఇచ్చినదే అయితే గిఫ్టు సెటిల్‌మెంటు దస్తావేజు రాయించి రిజిస్టరు చేయించమనండి. ఆ తరువాత పట్టాదారు పాసుపుస్తకం, 1-బీ, అడంగల్ అనే భూమి రికార్డులు ఆమె పేరుకు మారాలి. తనఖా ఏదీ లేదని ఈసీ తీయాలి, రిజిస్టర్డ్ వాల్యుయరు చేత విలువ కట్టించాలి. తెలుగులో ఉన్న ప్రతి కాగితానికీ ఇంగ్లీషు అనువాదం, అది సరైనదేనని అనువాదకుడి ధ్రువీకరణ కావాలి. ఇదంతా వీసా కోసమని తొందరపెట్టి మామగారి చేత చేయించవద్దు. ఆ ఇంట్లో ఇంకా పిల్లలుంటే వారి మాట కూడా ఉంటుంది. నా లెక్క ప్రకారం పొలం లేకుండానే మీకు దారి ఉంది.

నేను నా మేనల్లుడి భార్య కోసం ఉమ్మడి హామీదారుగా సంతకం చేసినవాడిని, కనుక మీ మేనమామగారి వైపు నుంచి చెప్పగలను. మేము దంపతులము, ఇద్దరు పిల్లలు, వచ్చే అమ్మాయి కలిపి ఐదుగురు; 2025 పట్టిక ప్రకారం ఐదుగురికి 47,062 డాలర్లు. ఉమ్మడి హామీదారు తన కుటుంబానికి, వచ్చే వ్యక్తికి సరిపడే ఆదాయం మొత్తం తానే చూపాలి. మీ 24,600కు ఆయన కొంత కలిపి పూర్తిచేయడం కుదరదు. అయితే మీరు లోగడ మీ అమ్మగారికి ఇచ్చిన హామీ ఆయన లెక్కలోకి రాదు. ఆయన సంతకం చేసినా మీ ఐ-864 మీరు విడిగా ఇవ్వవలసిందే.

ఆ సంతకం ఎన్నాళ్లు కట్టివేస్తుందో చాలామంది చదవరు. వచ్చిన వ్యక్తి పౌరసత్వం తీసుకునే వరకు, లేదా సోషల్ సెక్యూరిటీ లెక్కలో 40 త్రైమాసికాల పని ఆమె ఖాతాలో పడేవరకు, అంటే సుమారు పదేళ్లు, లేదా ఆమె గ్రీన్‌కార్డు వదులుకుని దేశం విడిచి వెళ్లేవరకు, లేదా ఇద్దరిలో ఒకరు మరణించేవరకు అది ఉంటుంది. విడాకులతో అది తెగిపోదు. ఆమె ప్రభుత్వ సహాయం తీసుకుంటే ఆ శాఖ హామీదారు నుంచి సొమ్ము రాబట్టుకోవచ్చు, ఆమె స్వయంగా కోర్టుకు వెళ్లి పోషణ కోరవచ్చు. ఈ నిబంధన ఆ అమ్మాయి రక్షణ కోసం ఉంది, అది న్యాయమే. పుట్టిల్లు విడిచి పరాయి దేశానికి వచ్చే ఆడపిల్లకు కాగితం మీద ఒక దన్ను ఉండాలి. మీ భార్యకు కూడా ఈ పత్రం ప్రతి ఒకటి ఇచ్చి, అందులో ఏముందో మీరే చదివి వినిపించండి.

నేను సంతకం చేసే ముందు మా మేనల్లుడు తన పన్ను రిటర్నులు, అప్పులు, పొదుపు అన్నీ నా ముందు పెట్టాడు. వాడు దాచలేదు గనుకనే నేను సంకోచించలేదు. మీరు కూడా మీ మేనమామగారిని ఇప్పుడే సంతకం అడగవద్దు, సంగతి మాత్రం చెప్పి ఉంచండి. ఆస్తులు చూపినా అధికారి తృప్తిపడక ఉమ్మడి హామీ కోరితే అప్పుడు కొత్తగా మొదలుపెట్టవలసిన పని ఉండదు. ఇల్లు మారిన ప్రతిసారీ 30 రోజులలోగా ఐ-865 ద్వారా చిరునామా తెలపడం హామీదారు బాధ్యత. 2021 తరువాత మీరు ఇల్లు మారి ఉంటే అమ్మగారి హామీకి సంబంధించి అది పంపారో లేదో చూసుకోండి.

ప్రశ్న వేసినవారు

2022లో ఇల్లు మారాను, ఐ-865 పంపలేదు. ఆలస్యమైనా ఈ వారమే పంపుతాను.

పొలాన్ని పూర్తిగా పక్కన పెడుతున్నాను. మామగారిని ఆ మాట అడగకుండా ఉండగలిగినందుకు నా మనసు తేలికపడింది. డిపాజిట్, ఫండ్లు, నా పొదుపు చూపుతాము. అంచు మీద ఉందన్న హెచ్చరిక విని, నా భార్య తన జీతం నుంచి మిగిల్చిన 2 లక్షలు ఉన్న మరో ఖాతా సంగతి చెప్పింది. అది జీతం ఖాతాయే కనుక సొమ్ము ఎక్కడిదో చెప్పడం కష్టం కాదు. కుటుంబ సంఖ్య గడిలో ముగ్గురని రాశాను. మేనమామగారికి ఆదివారం ఫోను చేసి, కాగితాలన్నీ ముందు పంపి, తరువాత మాట్లాడతాను.

మొదటి సమాధానం ఇచ్చినవారు

జీతం ఖాతాకు కూడా పన్నెండు నెలల స్టేట్‌మెంటు పెట్టండి. ఫండ్ల విలువను పత్రం మీద సంతకం చేసే వారంలోని స్టేట్‌మెంటు నుంచి తీసుకోండి, ఏ తేదీ మారకపు విలువతో డాలర్లకు మార్చారో పక్కనే రాయండి.