టీవీ డాక్యుమెంటరీలోంచి చెల్లి క్లిప్ తీయించడం ఎలా?

మాది హైదరాబాద్, గచ్చిబౌలి అపార్ట్‌మెంట్ల వెనక బస్తీ. అమ్మ ఆ ఫ్లాట్లలోనే పనికి వెళ్తుంది. పేదా గొప్పా తేడాల మీద డాక్యుమెంటరీ అంటూ ఒక ఛానల్ వాళ్లు నాలుగు రోజులు మా ఇంట్లో షూట్ చేశారు. మంచిగానే మాట్లాడారు. కానీ ఫ్రిజ్ మీద దుప్పటి కప్పి, అమ్మ చేత కుండలో నీళ్లు ముంచించారు. (ఆ ఫ్రిజ్ కిస్తీలు మొన్ననే తీరాయి!)

మా చెల్లికి 16 ఏళ్లు, ఇంటర్. తను ఏడ్చిన క్లిప్ యూట్యూబ్‌లోనూ పెట్టారు. కాలేజీకి వెళ్లనంటోంది. నాన్న ఏదో ఇంగ్లీషు కాగితం మీద సంతకం పెట్టారు, కాపీ ఇవ్వలేదు.

2021 కేబుల్ టీవీ నిబంధనల ప్రకారం ఛానల్‌కు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇస్తే 15 రోజుల్లో తేల్చాలట. సంతకం పెట్టాక కూడా ఇది పనిచేస్తుందా? యూట్యూబ్‌కి వేరేగా పెట్టాలా? ఇలా చేసినవాళ్లుంటే ఫిర్యాదులో ఏం రాశారో కాస్త చెప్పండి.