చర్చ: 2002లో ఐఎస్‌డీని పోటీకి తెరవడం తొందరపాటేనా?

గవర్నర్‌పేట బూత్ | ఉదయం 7:40

నిన్న ఇక్కడే ఒక సభ్యుడు రాశారు, టెలికాంను ప్రైవేటు కంపెనీలకూ విదేశీ పెట్టుబడికీ తెరవకపోతే ఈరోజు మనవలతో వీడియోలో మాట్లాడేవాళ్ళం కాదని. అంతటితో ఆగి ఉంటే నేను కలం పట్టేవాడిని కాదు. దానివల్ల ఎవరికీ నష్టం జరగలేదని కూడా అన్నారు. ఆ మాట నాకు నిద్ర పట్టనివ్వలేదు.

1993 నుంచి 2007 వరకు విజయవాడ గవర్నర్‌పేటలో వేరే ఊళ్ళకూ విదేశాలకూ ఫోను చేసుకునే ఎస్‌టీడీ, ఐఎస్‌డీ బూత్ నడిపాను. రాత్రి పొద్దుపోయాక ధర తగ్గేది. ఆ వేళకు మా మెట్ల మీద జనం వరుసగా కూర్చునేవారు. వాళ్ళలో అమెరికాలో కొడుకు ఉన్న తండ్రి ఉండేవాడు, దుబాయిలో భర్త ఉన్న ఇల్లాలు ఉండేది.

1997లో ప్రపంచ వాణిజ్య సంస్థలో 69 ప్రభుత్వాలు టెలికాం సేవల వ్యాపారం మీద ఒప్పందానికి వచ్చాయి. 1998 ఫిబ్రవరిలో అది అమల్లోకి వచ్చింది. ఐఎస్‌డీని పోటీకి తెరవడానికి అందులో మన దేశం ఇచ్చిన గడువు 2004. తలుపు తీసింది మాత్రం 2002 ఏప్రిల్ 1న. ఆ రెండేళ్ళు ఎవరి కోసం ముందుకు జరిపారు? విదేశీ కంపెనీల ఒత్తిడి వల్లనే అని నా నమ్మకం. కాదనేవారు ఆధారంతో చెప్పండి.

పట్నంబజారు | ఉదయం 8:15

గుంటూరులో మాది మూడు తరాల మిర్చి వ్యాపారం. మా నాన్నగారు ఫోను కోసం దరఖాస్తు పెట్టి ఏడేళ్ళు ఎదురుచూశారు. కొలంబోలో ఉన్న కొనుగోలుదారుతో మాట్లాడాలంటే ట్రంకాల్ బుక్ చేసి దుకాణంలోనే కూర్చునేవారు. ఫోను కలిసేసరికి ఇక్కడ యార్డులో వేలం ముగిసేది. నిన్నటి ధరకు ఒప్పుకొని ఈరోజు ధరకు సరుకు కొని నష్టపోయిన సందర్భాలు నాకు గుర్తున్నాయి.

ఇప్పుడు కాటా పక్కనే నిలబడి తేజ రకం కాయను ఫోనులో చూపించి మలేసియాకు బేరం కుదురుస్తున్నాను. దీన్ని తొందరపాటు అంటే నేను ఒప్పుకోలేను. నన్నడిగితే పదేళ్ళు ఆలస్యమైంది.

పాత ఎక్స్ఛేంజి | ఉదయం 9:02

ముప్పై రెండేళ్ళు టెలిఫోను ఎక్స్ఛేంజిలో పనిచేసి రిటైరయ్యాను. బూత్ గారూ, మీ తేదీలు సరైనవే, వాటికి మీరు చెప్పిన అర్థం సరికాదు. 2004లో తెరుస్తామని మనం ఎక్కడా రాయలేదు. తెరిచే విషయాన్ని 2004లో సమీక్షిస్తామని మాత్రమే రాశాం. విదేశీ వాటా కూడా ఆ పత్రంలో 25 శాతమే. కాబట్టి 2002లో తెరవమని వాణిజ్య సంస్థ మన మెడ మీద కత్తి పెట్టలేదు. అది మన ప్రభుత్వం సొంతంగా తీసుకున్న నిర్ణయం. దేశంలోపలి దూరపు కాల్స్ 2000లోనే తెరిచారు, ఆ వరుసలోనే ఇదీ జరిగింది.

గవర్నర్‌పేట బూత్ | ఉదయం 9:20

సమీక్ష అన్నా గడువు అన్నా అంకె 2004 కదా. విదేశీ కాల్స్ మీద అప్పటి ప్రభుత్వ సంస్థ వీఎస్‌ఎన్‌ఎల్‌కు ఉన్న ప్రత్యేక హక్కు 2004 మార్చి 31 వరకు అని అందరికీ తెలుసు. మా బూత్‌ల సంఘంలో ప్రతివారూ ఆ తేదీని నమ్ముకొనే ఉన్నారు. నా ప్రశ్నకు మీరు జవాబు చెప్పలేదు.

లక్ష్మీపురం అమ్మ | ఉదయం 9:48

మా అమ్మాయి టెక్సాస్ వెళ్ళిన కొత్తలో ఆదివారం మూడు నిమిషాలే మాట్లాడేవాళ్ళం. మీటరు చూస్తూ ఏడుపు ఆపుకున్న రోజులు నాకు తెలుసు. ధర తగ్గించినవారెవరైనా వారికి నా దండం.

బ్రాడీపేట విద్యార్థి | ఉదయం 10:30

ఇక్కడ రెండు విషయాలు కలిసిపోతున్నాయి. సేవల వాణిజ్య ఒప్పందం ప్రకారం సేవ దేశం దాటే పద్ధతులు నాలుగు. ఇక్కడి నుంచి అమెరికాకు వెళ్ళే కాల్ ఒక పద్ధతి, అందులో సేవే సరిహద్దు దాటుతుంది. విదేశీ కంపెనీ ఇక్కడికి వచ్చి పెట్టుబడి పెట్టి సేవ అమ్మడం వేరే పద్ధతి. 2002లో జరిగింది కాల్స్ విషయంలో గుత్తాధిపత్యం తొలగించడం. విదేశీ వాటా 74 శాతానికి పెరిగింది 2005లో, 100 శాతం అయింది 2013లో. ఏది తప్పంటున్నారో ముందు తేల్చుకుంటే బాగుంటుంది.

పాత ఎక్స్ఛేంజి | మధ్యాహ్నం 12:10

విద్యార్థి బాబు మంచి మాట అన్నాడు. ఇంతవరకు ఎవరూ ఎత్తని విషయం నేను చెబుతాను. మీరందరూ ఇక్కడి నుంచి వెళ్ళే కాల్ గురించే మాట్లాడుతున్నారు, అసలు డబ్బు ఉన్నది వచ్చే కాల్‌లో.

ఆ రోజుల్లో అమెరికా నుంచి ఇక్కడికి వచ్చిన ప్రతి నిమిషానికి అక్కడి కంపెనీ మనకు కొంత సొమ్ము కట్టాలి. ఇక్కడి నుంచి వెళ్ళిన నిమిషానికి మనం వాళ్ళకు కట్టాలి. మన పిల్లలు అక్కడ సంపాదిస్తూ ఇక్కడికి ఫోను చేసేవారు, కాబట్టి వచ్చే నిమిషాలే చాలా ఎక్కువ. తేడా అంతా డాలర్ల రూపంలో మన దేశానికి చేరేది. ఇంత చెల్లించడం అమెరికాకు నచ్చలేదు. 1997లో అక్కడి నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ తనంతట తానే పరిమితులు ప్రకటించింది. తక్కువ ఆదాయ దేశాలకు నిమిషానికి 23 సెంట్లకు మించి తమ కంపెనీలు చెల్లించకూడదని తేల్చింది. బూత్ గారు ఒత్తిడి అంటున్నారు కదా, నిజంగా ఒత్తిడి వచ్చింది ఇక్కడ. అది వాణిజ్య సంస్థ నుంచి కాదు, ఒక దేశపు నియంత్రణ సంస్థ నుంచి వచ్చింది.

విదేశీ కాల్స్, దూరపు కాల్స్ మీద వచ్చిన మిగులే లోకల్ కాల్ ధరనూ నెల అద్దెనూ తక్కువగా ఉంచేది. దివిసీమలో ఒక ఊరికి స్తంభాలు వేసి తీగ లాగితే ఆ ఊరి బిల్లులతో ఆ ఖర్చు ఎన్నటికీ తిరిగి రాదు, ఆ పని నేను చేశాను కాబట్టి తెలుసు. పోటీ వచ్చాక మిగులు పోయింది. లోటు పూడ్చడానికి 2003లో యాక్సెస్ డెఫిసిట్ చార్జీ అని పెట్టి 2008లో తీసేశారు. ధర తగ్గిందని సంతోషించే వారికి పల్లె తీగ ఖర్చు ఎవరు భరించారో తెలియాలి.

పట్నంబజారు | మధ్యాహ్నం 12:55

ఆ మిగులు ఆకాశం నుంచి ఊడిపడలేదు అయ్యా. నా వంటి వ్యాపారుల జేబులోంచి, లక్ష్మీపురం అమ్మగారి ఆదివారాల్లోంచి వచ్చింది. పల్లెకు తీగ వేయాలంటే పన్ను వేసి బహిరంగంగా వేయండి. కన్నబిడ్డతో మాట్లాడే తల్లి దగ్గర నిమిషానికి 60 రూపాయల దాకా తీసుకొని దాన్ని సేవ అనడం న్యాయం కాదు. ఇప్పుడు టెలికాం కంపెనీల ఆదాయంలో 5 శాతం పల్లె సేవల నిధికి పోతోంది, డిజిటల్ భారత్ నిధి అని దాని పేరు. అది సరైన పద్ధతి.

ఇక బూత్‌ల సంగతి. గుంటూరులో నేను వెళ్ళిన ఒక బూత్‌లో మీటరు ఎప్పుడూ నా చేతి గడియారం కంటే ముందు పరిగెత్తేది. అడిగితే మరో బూత్‌కు వెళ్ళమన్నారు. అటువంటి వ్యాపారం పోయిందని నేను బాధపడను.

గవర్నర్‌పేట బూత్ | మధ్యాహ్నం 1:07

ఎవరో ఒకరు చేసిన మోసాన్ని తెచ్చి నా గుమ్మంలో వేస్తున్నారా? పద్నాలుగేళ్ళలో నా మీటరు మీద ఒక్క ఫిర్యాదు లేదు. డబ్బు చాలని విద్యార్థులకు నా గల్లా పెట్టెలోంచి వేసి ఇళ్ళకు మాట్లాడించాను.

సరే, చెబుతాను. 2004 అని ఎందుకు పట్టుకొని కూర్చున్నానో వినండి. 2001 దసరాకు ఆ పక్క గది కూడా అద్దెకు తీసుకున్నాను. నాలుగు క్యాబిన్లు కట్టించాను, ఫ్యాక్స్ యంత్రం కొన్నాను, కొత్త బిల్లింగ్ యంత్రాలు పెట్టాను. మా ఆవిడ మెడలో సూత్రం తప్ప మిగిలిన బంగారమంతా తాకట్టుకు వెళ్ళింది. 2004 వరకు ధరలు ఇలాగే ఉంటాయి, ఆ రెండున్నరేళ్ళలో అప్పు తీరుతుంది అని కాగితం మీద లెక్క వేసుకొనే చేశాను. ఆరు నెలలు తిరక్కుండానే ఏప్రిల్ వచ్చింది. ధర సగానికి పడితే నా కమీషనూ సగానికి పడింది. వడ్డీ మాత్రం పడలేదు.

ఇప్పుడు అసలు మాట. ప్రత్యేక హక్కు రెండేళ్ళు ముందే తీసేసినందుకు వీఎస్‌ఎన్‌ఎల్‌కు ప్రభుత్వం పరిహారం ఏర్పాటు చేసింది. అంటే ముందు చెప్పిన తేదీని మారిస్తే నష్టం ఉంటుందని వాళ్ళకు తెలుసు. ఆ నష్టానికి లెక్క కట్టడమూ తెలుసు. కంపెనీకి కట్టిన లెక్క దాని చివర కూర్చున్న బూత్‌వాడికి ఎందుకు కట్టలేదు? ధర తగ్గడం తప్పని నేను ఎన్నడూ అనలేదు.

నిర్వాహకులు | మధ్యాహ్నం 1:30

సభ్యుల వృత్తి మీద నిందలు వద్దు. విషయం మీద కొనసాగించండి.

పాత ఎక్స్ఛేంజి | మధ్యాహ్నం 2:45

బూత్ గారూ, మీ ఇంటి సంగతి చదివి మనసు కష్టపడింది. అయినా నిజం ఒకటి చెప్పాలి. మీ బూత్‌ను మూయించింది 2002 కాదు. 2003 మే నుంచి మొబైల్‌కు వచ్చే కాల్స్ ఉచితమయ్యాయి. ఆ తరువాత కూలిపనివారి చేతికీ ఫోను వచ్చింది. ఐఎస్‌డీ హక్కు 2004 వరకు ఉంచినా మీకు మిగిలేది ఆ కొద్ది కాలమే.

గవర్నర్‌పేట బూత్ | మధ్యాహ్నం 2:58

ఆ కొద్ది కాలమే నాకు కావలసింది అయ్యా. అప్పు తీరేది ఆ కాలంలోనే.

సింగ్‌నగర్ టీచర్ | సాయంత్రం 4:20

మీరందరూ పాత ధరల దగ్గరే ఉన్నారు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు మేము సింగ్‌నగర్‌లో పై అంతస్తులో చిక్కుకున్నాం. కరెంటు లేదు, రెండో రోజుకు సిగ్నల్ కూడా లేదు. మా అత్తగారికి ఇన్సులిన్ అయిపోయింది. పడవ ఏ వీధికి వస్తుందో కనుక్కునే దారి లేదు. తరువాత కంపెనీకి ఫోను చేస్తే రికార్డు చేసిన గొంతే మళ్ళీ మళ్ళీ వినిపించింది. ఆ ఏడాది జూలైలోనే ప్రైవేటు కంపెనీలన్నీ ధరలు పెంచాయి, నేను పెంచిన ధర కట్టాను. ఒకప్పుడు దరఖాస్తుకు ఏడేళ్ళు పట్టిందని ఒకరు అన్నారు, నిజమే. కానీ వెళ్ళి నిలదీయడానికి ఒక కార్యాలయం ఉండేది. నేను ఎవరి గుమ్మం ముందు నిలబడాలి?

విపత్తులో ఒక కంపెనీ చందాదారులు మరో కంపెనీ టవరును వాడుకునే ఏర్పాటు మన దేశంలో ఉంది. టవరుకు ఎన్ని గంటల డీజిల్ ఉండాలి, నీళ్ళు ఎంత ఎత్తుకు వస్తే జనరేటరు మునగకూడదు అన్నవి లైసెన్సులో రాసి తప్పితే జరిమానా వేయాలి. పెట్టుబడి ఏ దేశానిదన్నది నాకు అనవసరం.

పట్నంబజారు | సాయంత్రం 5:35

టీచరమ్మా, మీరు అడిగింది న్యాయం. ఇరవై ఏళ్ళ క్రితం డజను కంపెనీల దాకా ఉండేవి, ఇప్పుడు ప్రైవేటువి ప్రధానంగా మూడే, వాటికి తోడు బీఎస్‌ఎన్‌ఎల్. పోటీ తగ్గితే జవాబు చెప్పడమూ తగ్గుతుంది. నేను అందుకే ఇంకా తెరవమంటాను, మూయమనను.

బూత్ గారూ, మీటరు మాట మీకు తగిలింది, క్షమించండి. మీ గురించి కాదు. కానీ పరిహారం మాట ఒప్పుకోలేను. వ్యాపారంలో దిగినవాడు తేదీని నమ్మి దిగడు, నష్టాన్ని కూడా లెక్కపెట్టుకొని దిగుతాడు. నేను ఏ సీజనులో నష్టపోయినా ఎవరినీ అడగలేదు.

గవర్నర్‌పేట బూత్ | సాయంత్రం 5:50

2025 ఫిబ్రవరిలో మిర్చి ధర పడిపోతే కేంద్రం జోక్యం చేసుకొని క్వింటాలుకు 11,781 రూపాయల ధర ప్రకటించింది కదా. అది ఎందుకు?

పట్నంబజారు | సాయంత్రం 5:56

అది రైతుకు. వ్యాపారికి కాదు. రైతుకు పంట మార్చుకోవడానికి ఏడాది పడుతుంది, వేసిన విత్తనాన్ని వెనక్కి తీయలేడు.

గవర్నర్‌పేట బూత్ | సాయంత్రం 6:03

కట్టిన క్యాబినును నేను ఎక్కడ వెనక్కి తీసేది?

బ్రాడీపేట విద్యార్థి | రాత్రి 7:15

అంటే మీ ఇద్దరి మధ్య తగవు ఐఎస్‌డీ గురించి కాదు. ప్రభుత్వం ఒక తేదీ చెప్పి మార్చితే చిన్నవాడికి బాకీ పడుతుందా, పడదా అన్నది.

పట్నంబజారు | రాత్రి 7:22

పడదు.

గవర్నర్‌పేట బూత్ | రాత్రి 7:24

పడుతుంది.

తెనాలి కేబుల్ | రాత్రి 9:10

ఉదయం నుంచి చదువుతున్నాను, రాయాలా వద్దా అని ఆగాను. తెనాలి పక్కన మూడు ఊళ్ళకు కేబుల్ ఇంటర్నెట్ ఇస్తాను. నిరుడు అప్పు తెచ్చి ఇంటింటికీ ఫైబర్ వేశాను. 2025 జూన్‌లో అమెరికా కంపెనీ స్టార్‌లింక్‌కు ఉపగ్రహ సేవల లైసెన్సు వచ్చింది. ధర ఎంత పెడతారో, మా వైపు ఎవరు తీసుకుంటారో ఎవరూ చెప్పలేకపోతున్నారు. బూత్ గారూ, పరిహారం సంగతి అలా ఉంచండి. మూయక తప్పదని మీకు ఏ రోజున తెలిసింది?

గవర్నర్‌పేట బూత్ | రాత్రి 9:41

బాబూ, ఆ రోజు ఇదీ అని ఒకటి లేదు. బిల్లు యంత్రంలో కాగితపు చుట్ట రోజుకొకటి అయ్యేది. అది వారానికొకటి అయిన నెలలో ఫ్యాక్స్ యంత్రం అమ్మాను. నెలకొకటి అయ్యాక కూడా రెండేళ్ళు నడిపాను, అది నా తప్పు. నీ కనెక్షన్లలో కొత్తవి ఎన్ని వస్తున్నాయన్నది పక్కన పెట్టి, పాతవారిలో ఎంతమంది మానేస్తున్నారో నెలనెలా రాసుకో. ఇంకో వీధికి ఫైబర్ వేయడానికి మాత్రం ఇంట్లో బంగారం తీయవద్దు. నీ అప్పు ఎంత, వడ్డీ ఎంత అన్నది నాకు విడిగా సందేశం పెట్టు, రేపు ఉదయం కూర్చొని చూద్దాం.