అమ్మ చెయ్యి వాపు తగ్గట్లేదు, ఎవరికి చూపించాలి?

కొత్తపేట కుర్రాడు:
పొద్దున 7 గంటల నుంచి కొత్తపేటలో మూడు ఆసుపత్రులు తిరిగాం. అమ్మ చెయ్యి ఎంత వాచిందంటే గాజులు దిగక కటింగ్ ప్లేయర్‌తో కత్తిరించాల్సి వచ్చింది. ఒకరు నీరు పోయే మాత్ర రాశారు. ఇంకొకరు బోదకాలు మందన్నారు. మూడోచోట పెద్ద డాక్టరు రేపొస్తారట. క్యాన్సర్ 2019లోనే తగ్గిపోయింది, దానికీ దీనికీ సంబంధం లేదు. ఓపిక అయిపోయిందండీ. ఎక్కడికెళ్ళాలి?

మంగళగిరి నర్సు:
ఏ క్యాన్సర్? ఆపరేషన్ ఏ వైపు? వాచింది ఏ చెయ్యి?

రిటైర్డ్ ఫైలేరియా వర్కర్:
బోదకాలంటే తీసిపారెయ్యకు బాబూ. మేం రాత్రిళ్ళు ఇల్లిల్లూ తిరిగి నిద్ర లేపి వేలి నుంచి రక్తం తీసేవాళ్ళం. బోద తెచ్చే పురుగు పిల్లలు రక్తంలోకి వచ్చేది రాత్రే. పగలు తీస్తే దొరకవు. వాటిని మోసే క్యూలెక్స్ దోమ మురుగునీళ్ళలో పెరుగుతుంది. గుంటూరు కాలవలు చూశావుగా? పూడిక తియ్యకుండా ఎన్ని మాత్రలు పంచితే ఏం లాభం! ముందు రాత్రి రక్తపరీక్ష చేయించు.

కొత్తపేట కుర్రాడు:
రొమ్ము క్యాన్సరండీ. ఎడమ వైపు. చెయ్యీ ఎడమదే. చంకలో గడ్డలు కూడా తీశారు, కరెంటు (రేడియేషన్) కూడా పెట్టారు. ఆరేళ్ళు దాటింది కదా అని రాయలేదు.

మంగళగిరి నర్సు:
అదే ముఖ్యం. చంకలో తీసినవి లింఫ్ గ్రంథులు. చేతి నీరు వెనక్కి పోయే దారి అదే. రేడియేషన్ దాన్ని ఇంకా ఇరుకు చేస్తుంది. ఏళ్ళ తర్వాతైనా వాపు రావచ్చు. నీరు పోయే మాత్ర దీనికి పనిచెయ్యదు. చెయ్యి ఎర్రగా, వేడిగా ఉందా? జ్వరం?

పటమట పద్మ:
నాకు ఆపరేషనై తొమ్మిదేళ్ళు. తమ్ముడూ, "తగ్గిపోయింది" అని ఫైలు అటక మీద పడెయ్యకండి. కీమోలో గుండెని దెబ్బతీసే ఎర్ర మందు ఎక్కించి ఉంటే గుండెకి ఎకో ఎప్పుడెప్పుడు తీయించాలో అడగండి. జబ్బు తిరగబెట్టకుండా ఇచ్చే లెట్రోజోల్ మాత్ర వాడితే ఎముకలు గుల్లబారొచ్చు, ఎముక గట్టిదనం చూసే డెక్సా స్కాన్ తీయిస్తారు. రెండో రొమ్ముకి ఏటా మామోగ్రామ్. నాకివన్నీ ఎవరూ చెప్పలేదు, అడిగి అడిగి తెలుసుకున్నా. ఇంకో మాట, మమ్మల్ని పేషెంట్లనకండి, క్యాన్సర్‌ని దాటినవాళ్ళం.

రిటైర్డ్ ఫైలేరియా వర్కర్:
దాటినా మందులు మింగుతున్నారుగా, మరి పేషెంటు కాక ఏమంటారమ్మా? అయినా బోద అంటే లింఫు నీరు నిలిచిన వాపే. కాలికైనా చేతికైనా పేరొకటే.

మంగళగిరి నర్సు:
కాదు సార్. బోదకాలంటే జనానికి దోమా, ఆ మాత్రలే గుర్తొస్తాయి. ఇక్కడ దోమ లేదు, పురుగు లేదు. పేరు కలిపేస్తేనే మందు మారిపోతోంది. బాబూ, జ్వరం సంగతి చెప్పలేదు.

కొత్తపేట కుర్రాడు:
నిన్న సాయంత్రం చలి పుట్టి వణికింది. వాతావరణం అనుకున్నాం. ఎర్రగానే ఉంది, వేడిగా కూడా. పోయిన వారం పూజకి గులాబీలు కోస్తుంటే ముల్లు గుచ్చుకుందట, ఇప్పుడు చెప్తోంది.

మంగళగిరి నర్సు:
రేపటిదాకా ఆగొద్దు. ఇది చర్మం కింద ఇన్ఫెక్షన్, రక్తంలోకి పాకితే ప్రమాదం. ఈ రాత్రే ఎమర్జెన్సీకి వెళ్ళండి, యాంటీబయాటిక్ పడాలి. ఎడమ చంక ఆపరేషన్ సంగతి మొదటి మాటగా చెప్పండి. సూదీ బీపీ పట్టీ కుడి చేతికే పెట్టమనండి. చెయ్యి పిసక్కండి, వాపుని నొక్కిపెట్టే బిగుతు తొడుగు ఇప్పుడే వెయ్యకండి. ఎరుపు తగ్గాక చంకకి స్కాన్ తియ్యమని అడగండి. జబ్బు తిరగబెట్టినా చెయ్యి వాచొచ్చు, అది కాదని తేల్చుకోవాలి.

పటమట పద్మ:
గుంటూరు పెద్దాసుపత్రిలో నాట్కో మందుల కంపెనీ వాళ్ళు కట్టించిన క్యాన్సర్ బ్లాక్ ఉంది. తర్వాత అక్కడ అడగండి. ఫైలు తీసుకెళ్ళు నాయనా.

రిటైర్డ్ ఫైలేరియా వర్కర్:
జ్వరం ఉందని ముందే చెప్పాల్సింది. వెళ్ళండి, వెళ్ళండి. కాలవల సంగతి తర్వాత రాస్తాను.

కొత్తపేట కుర్రాడు:
రాత్రి చేర్చుకున్నారు. సెలైన్ కుడి చేతికే పెట్టించాను. తెల్లవారుజామున జ్వరం దిగింది, అమ్మ ఇడ్లీ తింది. థాంక్సండీ అందరికీ. ఆ తొడుగు మెడికల్ షాపులో దొరికేది సరిపోతుందా, కొలత తీయించాలా?

పటమట పద్మ:
కొలతే. వాపు తగ్గించాక ఫిజియోథెరపీ వాళ్ళు మణికట్టు దగ్గరా మోచేతి దగ్గరా టేపు పెట్టి కొలుస్తారు. నాదీ అలాగే