నైట్రోజన్ హీట్ పైపు చల్లబడుతోంది కానీ వేడిని మోయడం లేదు. పొరపాటు ఎక్కడ?

ప్రశ్న – పరిశోధక విద్యార్థిని

నమస్కారం. క్రయోకూలర్‌కు (అతి శీతలానికి దింపే యంత్రం) కాస్త దూరంగా ఉన్న ఇన్‌ఫ్రారెడ్ డిటెక్టర్‌ను చల్లబరచడానికి నైట్రోజన్ హీట్ పైపు తయారు చేశాను. అంటే మూసిన గొట్టంలో ద్రవం వేడి కొన దగ్గర ఆవిరై, చల్లటి కొన దగ్గర మళ్లీ ద్రవమై, వత్తి గుండా వెనక్కి వస్తూ వేడిని మోయాలి. రాగి గొట్టం. పొడవు 40 సెంటీమీటర్లు, బయటి వ్యాసం 12 మిల్లీమీటర్లు, లోపలిది 10. లోపల వత్తిగా 200 మెష్ (అంగుళానికి 200 కన్నాలు) స్టీలు జాలీ నాలుగు చుట్లు. గాలి తోడేసి, 20 బార్ పీడనం వచ్చేదాకా నైట్రోజన్ నింపి మూసేశాను. వాక్యూమ్ గదిలో బల్లపరుపుగా అమర్చాను.

చల్లటి కొన 80 కెల్విన్‌కు దిగింది. మొదటి నుంచీ 3 వాట్ల హీటర్ పెట్టిన రెండో కొన మాత్రం 150 దగ్గరే నిలిచిపోయింది. ఆరు గంటలు ఆగినా కదలలేదు. లీకు కోసం రెండుసార్లు వెతికాను, లేదు. ఇదే కొలతలతో నీళ్లు పోసి చేసిన పైపు చక్కగా పనిచేసింది. నైట్రోజన్‌తో ఎందుకు పనిచేయడం లేదు?

జవాబు – రిటైర్డ్ వర్క్‌షాపు ఉద్యోగి

అమ్మా, జవాబు మీరిచ్చిన అంకెల్లోనే ఉంది. లోపల ఏమీ లేని ఒట్టి రాగి గొట్టంలో 3 వాట్లు పారితే కొనల మధ్య తేడా ఎంత వస్తుందో లెక్క కట్టండి. గొట్టం గోడ అడ్డుకోత 0.35 చదరపు సెంటీమీటర్లు. తేడా సుమారు 70 డిగ్రీలు తేలుతుంది. మీకు వచ్చిందీ 70. అంటే వేడినంతా రాగే మోస్తోంది, నైట్రోజన్ ఊరికే కూర్చుంది.

నీటి పైపులో వత్తి మొదటి నుంచీ తడిగానే ఉంటుంది. నైట్రోజన్ పైపు మొదలయ్యేటప్పుడు లోపల చుక్క ద్రవం ఉండదు. 126 కెల్విన్‌కు పైన నైట్రోజన్‌ను ఎంత నొక్కినా ద్రవం కాదు. మీ వేడి కొన 150లో ఉంటే వత్తి అక్కడ తడిసేదెలా? అందుకే ఆ కొన కూడా 100 కిందికి దిగేదాకా హీటర్ ముట్టుకోకండి. ఆ తర్వాత అర వాటు చొప్పున పెంచండి.

అంతకంటే పెద్ద లోటు మోతాదులో ఉంది. మీ జాలీ పూర్తిగా తడవాలంటే దాదాపు 2.6 గ్రాముల నైట్రోజన్ కావాలి. 20 బార్ దగ్గర ఆ గొట్టంలో పట్టింది 0.7 గ్రాము కూడా కాదు. అలాగని 2.6 గ్రాములూ అందులోనే కుక్కితే గది ఉష్ణోగ్రతలో 80 బార్ దాకా వెళుతుంది. బ్రేజింగ్ (అతుకు వేసే) మంటకు మెత్తబడిన రాగి మీద ఆ భారం వేయవద్దు.

ఇది చూసి చెబుతున్నాను. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక గొట్టాన్ని ఇలాగే నిండుగా నింపాం. పరీక్ష అయ్యాక కూలర్ ఆపి భోజనానికి వెళ్లాం. వెచ్చబడుతున్నకొద్దీ లోపలి ద్రవమంతా వాయువైంది. తిరిగి వచ్చేసరికి నొక్కి మూసిన మూతి చీలిపోయి ఉంది, ఎదుటి కిటికీ అద్దం నేల మీద ముక్కలై ఉంది. గదిలో ఎవరూ లేకపోవడం మా అదృష్టం.

కాబట్టి బయట, గది ఉష్ణోగ్రతలోనే, అర లీటరు స్టీలు సీసాను సన్నటి గొట్టంతో కలపండి. అప్పుడు 6 బార్ నింపితే చాలు. చల్లబడేకొద్దీ పైపు తనకు కావలసిన వాయువును సీసాలోంచి తానే లాక్కుంటుంది, వెచ్చబడితే అది మళ్లీ సీసాలోకి వెళుతుంది. ఒక సేఫ్టీ వాల్వు కూడా తప్పనిసరి. మొదటి పరీక్షకు వేడి కొనను 5 సెంటీమీటర్లు కిందికి వంచి పెట్టండి, ద్రవం పల్లానికి దానంతటదే పారుతుంది.

మరో సభ్యుడు

మీ డిటెక్టర్‌కు 50 కెల్విన్ కావాలంటే మాత్రం ఈ దారి మూసుకుపోతుంది. నైట్రోజన్ 63 దగ్గరే గడ్డకడుతుంది, ఆక్సిజన్ 54 దగ్గర. నియాన్ 44 దాటితే ద్రవంగా ఉండదు. మధ్యలో వాడదగిన ద్రవమే లేదు. అక్కడ రాగి పట్టీలతో సరిపెట్టుకోవాలి.

విద్యార్థిని

లేదండీ, మాకు 80 చాలు.

సర్, మీరు చెప్పినట్లే సీసా కలిపి, వంచి పెట్టి చూశాను. గొట్టం పొడవునా ఐదు సెన్సార్లు అతికించాను. హీటర్ ఆపి ఉంచాను. చాలాసేపు అన్నీ నెమ్మదిగా దిగాయి. తర్వాత రెండో సెన్సార్ ఉన్నట్టుండి జారింది. కాసేపటికి మూడోది, నాలుగోది. తడి ఒక్కో అడుగూ ముందుకు నడుస్తుంటే తెర మీద కళ్లారా చూశాను! చివరిది కూడా పడ్డాక 3 వాట్లు ఇచ్చాను. కొనల మధ్య తేడా 5 డిగ్రీలు!

కానీ మళ్లీ బల్లపరుపుగా పెడితే ముప్పావు వాటు దగ్గరే వేడి కొన ఎండిపోయి పైకి పోతోంది.

రిటైర్డ్ వర్క్‌షాపు ఉద్యోగి

శభాష్ తల్లీ! తడి నడవడం చూశారంటే కష్టమైన భాగం దాటేశారు.

ఇప్పుడు మిగిలింది వత్తి. ద్రవ నైట్రోజన్ తలతన్యత నీటి దాంట్లో దాదాపు ఎనిమిదో వంతు. మీ జాలీ నీటిని 23 సెంటీమీటర్లు పైకి లాగగలదు, నైట్రోజన్‌ను మూడున్నర మించి లాగలేదు. ఆ కొద్ది బలం కూడా సన్నటి కన్నాల్లోంచి 40 సెంటీమీటర్లు ఈడ్చడంలోనే ఖర్చయిపోతోంది. కన్నం పెద్దది చేస్తే పారడం సులువవుతుంది కానీ లాగే బలం తగ్గుతుంది. ఉపగ్రహాల పైపుల్లో జాలీకి బదులు గోడలోనే నిలువునా గాడులు తీసేది అందుకే, ద్రవానికి తిన్నని దారి దొరుకుతుంది. మీకు గాడుల గొట్టం దొరకకపోతే, గోడకు ఆనుకుని ముతక జాలీ మూడు చుట్లు, దాని మీద ఇప్పటి సన్న జాలీ ఒక్క చుట్టు వేయండి. వాటి మధ్య ఖాళీ మిగలకుండా బిగించండి. అమర్చాక పైపు మట్టంగా ఉందో లేదో రసమట్టంతో చూడండి. కొన ఒక సెంటీమీటరు ఎత్తయినా ఈ వత్తికి భారమే.